మూడు పాత కంప్యూటర్లు, ఒక బాయింక్ ఖాతా: ఏది నడిపాం, ఏది ఆపాం

ఈ కేసులో కంప్యూటర్లు మూడు, యజమాని ఒక్కరే. ఆయన ఉద్యోగ విరమణ చేసిన లెక్కల మాస్టారు. ఒకప్పుడు సెటీ ఎట్ హోమ్ స్క్రీన్‌సేవర్‌ను, అంటే గ్రహాంతరవాసుల సంకేతాల కోసం ఇళ్లల్లోని కంప్యూటర్లతో వెతికించిన ప్రాజెక్టును, ఇష్టంగా నడిపినవారు. 1999 మే 17న మొదలైన ఆ ప్రాజెక్టు 2020 మార్చి 31తో కొత్త పని పంపడం మానేసింది. దానితోపాటు ఆయన ఆసక్తీ మూలపడింది. ఇంట్లో వాడకుండా ఉన్న కంప్యూటర్లను బాయింక్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా మళ్లీ ఏదైనా సైన్సు లెక్కకు పెట్టవచ్చా అని అడిగితే చూడటానికి వెళ్లాను. ఇలాంటివి అమర్చి, కొన్నాళ్లు గమనించి, సరిదిద్దడం నాకు పాత అలవాటే.

మొదటిది 2008 నాటి డెస్క్‌టాప్. అందులో ఇంటెల్ కోర్ 2 డ్యువో ఈ8400 ప్రాసెసర్, రెండు కోర్లు, 3 గిగాహెర్ట్‌జ్ వేగం, 4 గిగాబైట్ల మెమరీ. రెండోది రెండో తరం కోర్ ఐ3 ల్యాప్‌టాప్. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నాలుగు పనులు), 2.1 గిగాహెర్ట్‌జ్, మెమరీ ఇక్కడా 4 గిగాబైట్లే. మూడోది కోర్ ఐ5-2400 డెస్క్‌టాప్. నాలుగు కోర్లు, 8 గిగాబైట్లు. మాస్టారు రోజూ వాడేది ఈ మూడోదే, మిగతా రెండూ అలమరలో ఉన్నాయి. ఎలాగూ ఖాళీగా ఉంది కాబట్టి మొదటిదాన్ని రాత్రింబవళ్లు నడపాలని, తాను వాడుకునే మూడోదాన్ని ముట్టుకోవద్దని ఆయన ఆలోచన. చివరికి జరిగింది దాదాపు దానికి తలకిందులు.

ముందు మీటరు, తర్వాతే సాఫ్ట్‌వేర్

ప్రాసెసర్ మీద రాసి ఉండే వాట్ల సంఖ్యను నేను నమ్మను. గోడ సాకెట్‌కూ కంప్యూటర్‌కూ మధ్య చిన్న వాట్ మీటరు పెట్టి, పని లేనప్పుడు ఒకసారి, అన్ని కోర్లూ పనిలో ఉన్నప్పుడు ఒకసారి చూస్తాను. ఈ8400 డెస్క్‌టాప్ ఊరికే ఉన్నప్పుడే దాదాపు 60 వాట్లు తీసుకుంది, పనిలో 105. ల్యాప్‌టాప్ తెర ఆపితే 12, పనిలో 35. ఐ5 డెస్క్‌టాప్ 40, పనిలో 100.

తర్వాత మూడింటికీ ఒకే రకం టాస్కులు (లెక్క ముక్కలు) ఇచ్చి పోల్చాను. ల్యాప్‌టాప్ రోజంతా చేసిన పని ఈ8400 చేసినదానికి ఇంచుమించు సమానం. ఐ5 అందులో మూడు రెట్లు చేసింది. రాత్రింబవళ్లు నడిపితే ఈ8400కు రోజుకు రెండున్నర యూనిట్ల విద్యుత్తు కావాలి, ల్యాప్‌టాప్‌కు ఒక యూనిట్ కూడా పట్టదు. అంటే ఒకే ఫలితానికి మొదటి యంత్రం మూడింతల కరెంటు తింటోంది. గడియారం వేగం 3 గిగాహెర్ట్‌జ్ అని చూసి మోసపోయేది ఇక్కడే. 2011 నాటి ప్రాసెసర్లు ఒక్కో గడియారపు తట్టుకు ఎక్కువ పని చేస్తాయి. ఈ8400లో మెమరీని నడిపే భాగం ప్రాసెసర్‌లో లేదు, మదర్‌బోర్డు మీద వేరే చిప్‌లో ఉంది. ఆ చిప్‌కూ, అప్పటి పవర్ సప్లైలో వృథా అయ్యే వేడికీ కూడా మనమే కరెంటు కడుతున్నాం.

మాస్టారి లెక్కలో ఇంకో మాట తప్పిపోయింది. ఐ5 ఎలాగూ ఆయన పనికోసం పగలంతా ఆన్‌లో ఉంటుంది. దాని మీద సైన్సు లెక్క పెడితే అదనంగా పడేది 60 వాట్లే, 100 కాదు. ఖాళీ యంత్రాన్ని ప్రత్యేకంగా ఆన్ చేస్తే దాని వాట్లన్నీ ఈ పని ఖాతాలోకే వస్తాయి. కాగితం మీద ఈ రెండు అంకెలూ పక్కపక్కన వేసి చూపించాక, “అయితే ముట్టుకోవద్దన్న దాన్నే ముందు ముట్టుకోవాలన్నమాట” అన్నారు. లెక్కల మాస్టారితో ఉన్న సుఖం అదే, అంకె కనబడితే వాదించరు.

ఏ ప్రాజెక్టు ఏ యంత్రానికి

బాయింక్ అనేది బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఆండర్సన్ బృందం తయారుచేసిన వేదిక. సెటీ కోసం పుట్టినా ఇప్పుడు ఎన్నో ప్రాజెక్టులు దాని మీద నడుస్తున్నాయి. ప్రాజెక్టు సర్వరు పనిని టాస్కులుగా ముక్కలు చేసి పంపుతుంది. మన కంప్యూటర్ దాన్ని గడువులోపు లెక్కగట్టి తిప్పి పంపాలి. ఎంపిక అంతా ఆ గడువు, మెమరీ, ప్రాసెసర్ సౌకర్యాలు అనే మూడింటి మీదే ఆధారపడుతుంది. మనకు ఏ శాస్త్రం ఇష్టమన్నది నాలుగో ప్రశ్న. చాలామంది దాన్నే మొదటి ప్రశ్న చేసుకుంటారు.

మాస్టారికి ప్రొటీన్ల పని మీద మనసుంది. ప్రొటీన్ల శాస్త్రవేత్త డేవిడ్ బేకర్‌కు 2024లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చాక, ఆ బృందం ప్రాజెక్టు రోజెట్టా ఎట్ హోమ్ పేరు మాస్టారి చెవిన పడింది. కానీ ఆ టాస్కుల గడువు మూడు రోజులే, ఒక్కోటి గిగాబైటుకు అటూఇటూ మెమరీ అడుగుతుంది, పని అన్నివేళలా దొరకదు. 4 గిగాబైట్ల యంత్రంలో రెండు టాస్కులు, ఒక బ్రౌజరు కలిస్తే హార్డ్ డిస్కు గిలగిలా కొట్టుకోవడమే. కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ వారి అట్లాస్ టాస్కులు వర్చువల్ యంత్రంలో, అంటే కంప్యూటర్ లోపల సృష్టించే ఇంకో కంప్యూటర్‌లో నడుస్తాయి, దానికి మెమరీ ఇంకా ఎక్కువ కావాలి కాబట్టి వాటి ఊసే ఎత్తలేదు. ఆక్స్‌ఫర్డ్ వాతావరణ నమూనాలది ఇంకో ఇబ్బంది. అవి రోజుల తరబడి సాగుతాయి, మధ్యలో హఠాత్తుగా ఆగితే పాడయ్యే స్వభావం ఎక్కువ. తోచినప్పుడు ఆన్ చేసి తోచినప్పుడు ఆపే ఇంటి కంప్యూటర్‌కు అవి నేను పెట్టను.

మిగిలినవాటిలో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ తీసుకున్నాం. 2005లో మొదలైన ఈ ప్రాజెక్టు గురుత్వాకర్షణ తరంగాలనూ, ఫెర్మి ఉపగ్రహం పట్టిన గామా కిరణాల్లో పల్సార్లనూ (వేగంగా తిరుగుతూ కిరణాలు వెదజల్లే నక్షత్రాలు) వెతుకుతుంది. టాస్కు గడువు రెండు వారాలు కాబట్టి నెమ్మదిగా నడిచే యంత్రానికి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. రెండోదిగా వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్. ఐబీఎం 2004లో మొదలుపెట్టిన దీన్ని 2021లో టొరంటోలోని క్రెంబిల్ పరిశోధన సంస్థ చేతికి ఇచ్చారు. అక్కడి క్యాన్సర్ సూచికల టాస్కులు తక్కువ మెమరీతో సరిపెట్టుకుంటాయి. పని అప్పుడప్పుడు ఆగిపోతుంటుంది కనుక దాన్ని ఒంటరిగా కాక, రెండో ప్రాజెక్టుగా పెట్టుకోవడమే మేలు.

పాత గ్రాఫిక్స్ కార్డుల గురించి ఒక్క మాట చాలు: ఈ మూడింటిలో ఉన్నవి పనికిరావు, వాటికోసం కొత్తవి కొనడం దండగ.

తేలని ఫలితం

ఈ8400ను వెంటనే పక్కన పెట్టేయలేదు. మీటరు లెక్క చూశాక కూడా, ఎంత పని చేస్తుందో చూద్దామని మాస్టారు అడిగారు. పెట్టగానే మొదటి అడ్డంకి తగిలింది. ప్రాజెక్టుకు కలపబోతే, సర్వరు అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ చెల్లదని తిప్పికొట్టింది. యంత్రం చూపిస్తున్న తేదీ చాలా ఏళ్లు వెనక ఉంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి, ప్లగ్గు తీసిన ప్రతిసారీ గడియారం మొదటికి వస్తోంది. భద్రమైన అనుసంధానానికి తేదీ సరిగా ఉండాలి. కంప్యూటర్ దృష్టిలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు. బ్యాటరీ మార్చాక కూడా పాత బాయింక్ తిరస్కరించింది, ఎందుకంటే దానితోపాటు వచ్చే మూల సర్టిఫికెట్ల (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనవి) ఫైలు కాలం చెల్లినది. 2020 మే 30న ఒక మూల సర్టిఫికెట్టు, 2021 సెప్టెంబరు 30న మరొకటి గడువు తీరడంతో పాత సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఇలాగే ముఖం మీద తలుపు వేయించుకున్నాయి. కొత్త బాయింక్ వేశాక పని మొదలైంది.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. యంత్రం ఎక్కడా ఆగడం లేదు, తెర నీలం కావడం లేదు, టాస్కులు పూర్తవుతున్నాయి. పైపైన చూస్తే ఏ లోటూ లేదు. ఖాతా పేజీలో మాత్రం కొన్ని ఫలితాల పక్కన ‘పూర్తయింది, నిర్ధారణ తేలలేదు’ అనే అర్థం వచ్చే వరస కనిపించింది. మరికొన్నాళ్లకు వాటిలో కొన్ని ‘చెల్లదు’గా మారాయి.

దీన్ని అర్థం చేసుకోవాలంటే సర్వరు ఏం చేస్తుందో తెలియాలి. ఇళ్లల్లోని కంప్యూటర్లను గుడ్డిగా నమ్మడం కుదరదు కాబట్టి, మామూలుగా ఒకే టాస్కును ఇద్దరికి పంపి, వచ్చిన రెండు జవాబులను సరిచూస్తారు. కలిస్తే ఇద్దరివీ ఒప్పుకుంటారు. కలవకపోతే మూడో మనిషికి పంపుతారు. 2010లో ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అరెసీబో టెలిస్కోపు సమాచారంలో తొలి పల్సార్‌ను కనిపెట్టినప్పుడు ఆ ఘనత అమెరికాలోని ఒక దంపతుల కంప్యూటర్‌కూ, జర్మనీలోని మరొకరి కంప్యూటర్‌కూ కలిపి దక్కింది. ఒకే ముక్కను ఇద్దరూ లెక్కగట్టారు, ఇద్దరికీ అదే జవాబు వచ్చింది. సెకనుకు 41 సార్లు తిరిగే నక్షత్రం ఉందని నమ్మడానికి ఆ పొంతనే తొలి ఆధారం.

మా ఈ8400 ఆ పొంతనను చెడగొడుతోంది. అది తప్పు జవాబు పంపిన ప్రతిసారీ ముక్కూ మొహం తెలియని మూడో మనిషి కంప్యూటర్ అదే పనిని మళ్లీ చేస్తోంది. సరైన జవాబు పంపిన రెండో మనిషి తన ఫలితం ఖాయమయ్యేదాకా ఎదురుచూస్తున్నాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. యంత్రం పూర్తిగా చెడిపోయి ఉంటే ఎవరికీ నష్టం లేదు. సగం చెడి, పనిచేస్తున్నట్టు కనిపించేదే ప్రమాదం.

మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే మొదటి విడతలో ఏమీ దొరకలేదు. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తెర కింది సగం ఎర్రగా ఉంది. తప్పులన్నీ దగ్గరదగ్గర చిరునామాల్లోనే. ఉన్న రెండు మెమరీ కడ్డీలను ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే దోషం ఒకదానిదేనని తేలింది. యంత్రం వేడెక్కాకే ఆ కడ్డీ తప్పుతోంది. అందుకే మాస్టారు ఉత్తరాలు రాసుకున్నంత కాలం అది ఎప్పుడూ బయటపడలేదు. ఆ కడ్డీ తీసేస్తే చెల్లని ఫలితాలు ఆగిపోయాయి. ఏ పాత యంత్రాన్నైనా ఖాతాలో కలపకముందే ఒక రాత్రి మెమరీ పరీక్షకూ, ఒక పగలు ప్రైమ్95 ఒత్తిడి పరీక్షకూ వదిలేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ నివేదికలో, చెడిపోయి మార్చిన సెక్టార్ల (డిస్కులోని చిన్న భాగాలు) సంఖ్య పెరుగుతోందేమో కూడా చూడాలి.

నడుస్తున్నట్టే ఉండి నడవకపోవడం

ఐ5లో వేరే చిక్కు వచ్చింది. బాయింక్ తెరిచి చూస్తే టాస్కులు ఉన్నాయి, కానీ పగలంతా గడిచినా శాతం కదలదు. మాస్టారు వాడుతున్నప్పుడు ఆగిపోయేలా పెట్టామా అంటే లేదు. ఈవెంట్ లాగ్ చదివితే ఆగడం, మొదలవడం, మళ్లీ ఆగడం, వరసగా అవే పంక్తులు. ఇతర ప్రోగ్రాములు ప్రాసెసర్‌లో 25 శాతం కన్నా ఎక్కువ వాడితే ఆగిపోవాలన్న అమరిక మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది. నాలుగు కోర్ల యంత్రంలో ఒక కోరు నిండితే చాలు, 25 శాతం అయిపోయినట్టే. యాంటీవైరస్ ఒకపక్క, అప్‌డేట్లు మరోపక్క ఆ కోరును పట్టుకుని కూర్చున్నాయి. రెండు కోర్ల యంత్రంలో ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. ఆ పరిమితిని 75కు పెంచాను. బాయింక్ టాస్కులు ఎలాగూ అట్టడుగు ప్రాధాన్యంతో నడుస్తాయి, మాస్టారికి తేడా తెలియలేదు.

ఇదే యంత్రంలో ఇంకో అమరిక మార్చాల్సి వచ్చింది. ఎన్ని రోజుల పని ముందుగా నిల్వ చేసుకోవాలో చెప్పే చోట చాలామంది పెద్ద అంకె పెట్టేస్తారు. రోజుకు కొన్ని గంటలే ఆన్‌లో ఉండే యంత్రానికి అది చేటు. అది ఎంతసేపు ఆన్‌లో ఉంటుందో బాయింక్ కొన్నాళ్లకు గ్రహిస్తుంది కానీ, మొదట్లో ఇరవైనాలుగు గంటలూ నడుస్తుందనే అనుకుని పని తెచ్చి పోగేస్తుంది. అప్పుడు గడువులు దాటిపోతాయి, ఆ టాస్కులు ఇంకొకరికి వెళ్తాయి. నిల్వను రోజులో పదో వంతుకు, అదనపు నిల్వను కూడా అంతకే కట్టేశాను.

హార్డ్ డిస్కు పాతది కాబట్టి చెక్‌పాయింట్ల, అంటే అప్పటిదాకా చేసిన పనిని డిస్కు మీద భద్రపరిచే సందర్భాల, వ్యవధిని నిమిషం నుంచి అయిదు నిమిషాలకు పెంచాను. మధ్యలో ఆపినప్పుడు టాస్కును మెమరీలోనే ఉంచే అమరికను పెట్టాను. అది లేకపోతే ఆగిన ప్రతిసారీ చివరి చెక్‌పాయింట్ నుంచి మళ్లీ మొదలు.

ల్యాప్‌టాప్, వేడి

అన్నిటికన్నా నాకు ఇష్టమైన యంత్రం ఇదే అయినా, చేతి పని ఎక్కువ పట్టింది దీనికే. బ్యాటరీ ఉబ్బి ఉంది. ఉబ్బిన బ్యాటరీతో ఏ కంప్యూటర్‌నూ నడపకూడదు, రోజంతా పనిలో పెట్టేదాన్ని అసలే నడపకూడదు. తీసి పక్కన పెట్టించాను. బ్యాటరీ లేకుండా కరెంటు మీదే నడుస్తుంది. సరఫరా పోతే చివరి చెక్‌పాయింట్ తర్వాత చేసిన అయిదు నిమిషాల పని పోతుంది, అంతే.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఈ యంత్రాన్ని ఒప్పుకోదు. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ వేసి, బాయింక్‌ను దాని సొంత ప్యాకేజీ నుంచే ఎక్కించాను. ప్రాసెసర్ 64 బిట్లది కావడం మంచిదైంది. 32 బిట్ల యంత్రాలకు డెబియన్ 13లో ఇన్‌స్టాలరే లేదు, ప్రాజెక్టుల్లోనూ వాటికి పని అరుదు. అలాంటివి ఎవరైనా తెస్తే ఇక మొదలుపెట్టవద్దనే చెబుతాను.

నాలుగు థ్రెడ్లూ పనిలో పెడితే ప్రాసెసర్ 90 డిగ్రీల సెల్సియస్ దాటింది. వెనక మూత విప్పితే ఫ్యానుకూ రాగి రేకులకూ మధ్య దుమ్ము మందపాటి గుడ్డ పీలికలా పేరుకుని ఉంది. ఫ్యాను నుంచి ఊదితే ఆ పీలిక కదలదు, ఫ్యాను ఊడదీసి అటువైపు నుంచి లాగాలి. థర్మల్ పేస్టు ఎండి పెళుసుబారింది, మార్చాను. పదిహేను డిగ్రీలకు పైగా తగ్గింది.

తర్వాత అమరిక. బాయింక్‌లో రెండు శాతాలు పక్కపక్కన ఉంటాయి, జనం వాటిని ఒకటే అనుకుంటారు. ఒకటి ఎన్ని ప్రాసెసర్లు వాడాలో చెబుతుంది. రెండోది ప్రాసెసర్ సమయంలో ఎంత వాడాలో చెబుతుంది. రెండోదాన్ని తగ్గిస్తే టాస్కు కాసేపు పూర్తి వేగంతో పరిగెత్తి కాసేపు ఆగుతుంది. సగటు వేడి తగ్గుతుంది కానీ ఉష్ణోగ్రత రంపపు పళ్లలా పైకీ కిందికీ ఊగుతుంది, ఫ్యాను కేకవేసి ఊరుకుంటూ ఉంటుంది. పాత టంకాలకు ఆ ఊపు మంచిది కాదని నా అభిప్రాయం. అందుకే సమయాన్ని 100 శాతంలోనే ఉంచి, ప్రాసెసర్ల సంఖ్యను 50 శాతానికి దించాను. రెండు టాస్కులే నడుస్తాయి, ఒక్కోదానికి ఒక పూర్తి కోరు దొరుకుతుంది. నాలుగు టాస్కులు పెట్టినప్పటికన్నా మొత్తం పని కొంత తగ్గినా, ఒక్కో టాస్కు త్వరగా తిరిగి వెళ్తుంది, మెమరీ సగమే పడుతుంది. 70 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంది.

ప్రధాన సంఖ్య కావాలన్న కోరిక

లెక్కల మాస్టారు కదా, ఇళ్లల్లోని కంప్యూటర్లతో భారీ ప్రధాన సంఖ్యలు వెతికే గింప్స్ సంగతి అడగకుండా ఎలా ఉంటారు? జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టిన ఈ అన్వేషణలో 2024 అక్టోబరులో దొరికిన మెర్సెన్ ప్రధాన సంఖ్యకు (2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే రకం) 4,10,24,320 అంకెలున్నాయి. అది శక్తిమంతమైన గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో దొరికింది. అంత పెద్ద సంఖ్యను ఈ8400 మీద పరీక్షిస్తే నెలల తరబడి పడుతుంది. ఈ పరీక్షల్లో పెద్ద సంఖ్యల గుణకారాలే పని అంతా. ఒకేసారి ఎన్నో అంకెల మీద పనిచేసే ఏవీఎక్స్ ఆదేశాలు ఉన్న ప్రాసెసర్లు అక్కడ బాగా ముందుంటాయి, ఈ8400లో అవి లేవు. ఐ5లో ఉన్నాయి, కానీ ఇంటెల్ ప్రాసెసర్లలో 2013 నుంచి వచ్చిన ఎఫ్ఎంఏ (గుణకారం, కూడిక ఒక్క అడుగులో చేసే ఆదేశం) లేదు.

ఒక విషయంలో మాత్రం గింప్స్ పాత యంత్రాలకు బాయింక్ ప్రాజెక్టులకన్నా దయగా ఉంటుంది. రాబర్ట్ గెర్బిజ్ కనిపెట్టిన తనిఖీ పద్ధతి వల్ల హార్డ్‌వేర్ తప్పు చేస్తే పరీక్ష మధ్యలోనే తెలిసిపోతుంది, సాఫ్ట్‌వేర్ వెనక్కి వెళ్లి సరైన చోటినుంచి మళ్లీ లెక్కిస్తుంది. 2020 నుంచి ఫలితంతోపాటు ఒక రుజువు కూడా తయారవుతోంది. దాన్ని సరిచూడటానికి మొత్తం పనిలో ఒక శాతం కూడా పట్టదు. మొత్తం పరీక్షను రెండోవారి చేత మళ్లీ చేయించాల్సిన అవసరం అలా తప్పింది.

మాస్టారికి ఐ5లో ఒక కోరు మీద దీర్ఘవృత్తీయ వక్రాల పద్ధతితో చిన్న మెర్సెన్ సంఖ్యల కారణాంకాలు వెతికే పని పెట్టాను. కొత్త ప్రధాన సంఖ్య దొరకదు, దొరికితే ఒక కారణాంకం దొరుకుతుంది. మెమరీ పెద్దగా అడగదు, ఒక్కో వక్రం విడిగా ముగుస్తుంది, ఎప్పుడు ఆపినా ఇబ్బంది లేదు. “వక్రాలు నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు బాబూ, ఇప్పుడు నేర్చుకోవాలి” అని కాగితం తీశారు. ఆ పద్ధతి చెబుతూ ఆ సాయంత్రం అక్కడే గడిచిపోయింది, కంప్యూటర్ల పని ముందుకు సాగలేదు.

చేసిన పనికి బాయింక్ ఇచ్చే పాయింట్లైన క్రెడిట్ల గురించి ఆయన ఒక్కసారే అడిగారు. ప్రామాణిక పరీక్షలో 1 గిగాఫ్లాప్ వేగం (సెకనుకు వంద కోట్ల దశాంశ లెక్కలు) చూపే యంత్రం రోజంతా పనిచేస్తే 200 క్రెడిట్లు అన్నది బాయింక్ మూల కొలత. ఆచరణలో ప్రాజెక్టుకో ధోరణి, ఒకదాని క్రెడిట్లు మరోదానితో పోల్చడం వృథా. క్రెడిట్ల కోసం యంత్రాన్ని నడిపేవారు చివరికి ఉదారంగా పంచే ప్రాజెక్టు దగ్గరికే చేరతారు, సైన్సు సంగతి మరిచిపోతారు. చెల్లిన ఫలితాలు ఎన్ని, చెల్లనివి ఎన్ని, గడువు దాటినవి ఎన్ని అన్న మూడు అంకెలే చూడమన్నాను.

ఈ8400ను ఆపిన తీరు

కడ్డీ తీసేశాక ఈ8400 తప్పు చేయడం మానేసింది, కానీ మిగిలింది 2 గిగాబైట్లే. అదే తరం మెమరీ వెతికి కొంటే దానికి మళ్లీ పూర్తి జీవం వస్తుంది. పక్కనే ల్యాప్‌టాప్ అంతే పనిని మూడో వంతు కరెంటుతో చేస్తున్నప్పుడు ఆ కొనుగోలుకు అర్థం లేదు. ఆపేద్దామని మాస్టారే అన్నారు.

ప్లగ్గు పీకేసి ఊరుకుంటే దాని దగ్గరున్న టాస్కులు గడువు తీరేదాకా సర్వరులో వేలాడుతూ ఉంటాయి, అవతలివారు అన్నాళ్లూ ఎదురుచూస్తారు. కాబట్టి ముందు రెండు ప్రాజెక్టుల్లోనూ ‘కొత్త పని వద్దు’ అన్న మీట నొక్కాం. సగం పైగా అయిన టాస్కులను పూర్తికానిచ్చాం, అసలు మొదలవనివాటిని రద్దు చేశాం, రద్దయినవి వెంటనే వేరేవారికి వెళ్తాయి. చివరి ఫలితం చేరాక ‘అప్‌డేట్’ నొక్కి, సర్వరు ఖాతాలో ఆ యంత్రం పేరున పెండింగు పని ఏదీ లేదని చూసుకున్నాకే ప్రాజెక్టుల నుంచి తప్పించాం. మంచి మెమరీ కడ్డీ మిగతా రెండింటికీ సరిపోదు, అవి తర్వాతి తరం మెమరీ వాడతాయి. కొత్తగా వేసిన బిళ్ల బ్యాటరీని మాత్రం తీసి ఐ5లో వేశాను, దానిదీ చివరి దశలో ఉంది.